గంగోత్రి గ్రానైట్, మన గుత్తి గుండ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం నుంచి చార్‌ధామ్ యాత్రకు పోయిన బస్సులో నేనూ ఉన్నాను. జియాలజీ పాఠాలు చెప్పే మనిషినని రెండో రోజుకే బస్సంతా తెలిసిపోయింది. ఇక ఘాట్ రోడ్డు పొడవునా ప్రశ్నలే. అన్నిటికంటే మంచి ప్రశ్న గుత్తి నుంచి వచ్చిన ఒక అవ్వ అడిగింది. గంగోత్రి గుడి కింద, భాగీరథి ఒడ్డున ఒక పెద్ద గుండు మీద కూర్చుని, దాన్ని అరచేత్తో రుద్దుతూ, "ఇది మా గుత్తి కొండ రాయి మాదిరే ఉందే నాయనా" అంది. ఆ రోజు నాకు తోచినంత చెప్పాను కానీ చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. బస్సులో వాళ్ళు, ఊరికి వచ్చాక పిల్లలు, రైతులు అడిగిన వాటిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

గంగోత్రి రాయి, గుత్తి రాయి ఒకటేనా?

జాతి ఒకటే, వయసు వేరు, పుట్టుక వేరు. రెండూ గ్రానైట్ కుటుంబమే. భూమి లోపల కరిగిన రాయి పైకి రాకుండా లోపలే చాలా నిదానంగా చల్లారితే గ్రానైట్ అవుతుంది. గంగోత్రి గ్రానైట్ వయసు సుమారు 2 కోట్ల 25 లక్షల ఏళ్ళు. మన అనంతపురం వైపు గ్రానైట్లు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. మన రాయికి నూరేళ్ళు అనుకుంటే గంగోత్రి రాయి ఇంకా ఏడాది నిండని బిడ్డ. అవ్వకు ఈ లెక్క చెబితే, "అయితే మాదే పెద్దది" అని తృప్తిగా నవ్వింది.

చూసి గ్రానైట్ అని ఎట్లా గుర్తు పట్టాలి?

కొత్తగా పగిలిన ముఖం చూడండి. ఎండకూ వానకూ మాగిన పైతోలు చూస్తే తెలియదు. పగిలిన చోట రాయంతా గింజలు గింజలుగా, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని కనబడాలి. అద్దం ముక్కలా బూడిదరంగులో ఉన్నది క్వార్ట్జ్, మన పలుగురాయే. తెల్లగానో లేత గులాబీ రంగులోనో ఉండి, తిప్పితే ఒక పక్క చదునుగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్ల చుక్కలు మన వైపు రాళ్ళలో ఎక్కువగా బయోటైట్ అనే నల్ల అభ్రకం, కొన్నిచోట్ల హార్న్‌బ్లెండ్.

అవ్వ కూర్చున్న గుండును భూతద్దం పెట్టి చూశాను. నేల రంగే వేరు: దాదాపు తెలుపు. నల్ల అభ్రకం బాగా తక్కువ. దాని బదులు వెండి రేకుల్లాంటి తెల్ల అభ్రకం. మన ఊళ్ళలో కాకిబంగారం అంటామే, అదే, మస్కొవైట్. మధ్యమధ్య అగ్గిపుల్ల మందాన, నల్లగా, గీతలు గీతలుగా ఉన్న కడ్డీలు. అది టూర్మలీన్. ఒక కడ్డీ నా బొటనవేలి గోరంత పొడవుంది, విరిగిన కొస దగ్గర మూడు పలకల ఆకారం స్పష్టంగా కనబడింది. కందిగింజ కంటే చిన్న ఎర్రటి గార్నెట్లు కూడా ఈ గ్రానైట్‌లో ఉంటాయి. ఇట్లా తెల్లగా ఉండే గ్రానైట్‌ను ల్యూకోగ్రానైట్ అంటారు.

అగ్నిపర్వతం పేలి వచ్చిందా అది?

కాదు. ఈ ఒక్కటి సరిగా అర్థమైతే మిగిలినవన్నీ సులువు.

సుమారు 5 కోట్ల ఏళ్ళ కింద మన భారత భూఫలకం ఆసియాను ఢీకొంది. రెండిటి మధ్య ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. మన ఫలకం ఉత్తరపు అంచున ఎప్పటి నుంచో పేరుకున్న బురద, ఇసుక పొరలు ఒకదాని మీద ఒకటి మడతలు పడి, లోపలికి తోసుకుపోయాయి. మామూలుగా ఖండం కింద పెంకు 35 కిలోమీటర్ల మందం ఉంటుంది. టిబెట్ కింద ఇప్పుడది దాదాపు 70. అంత లోతుకు పోయిన బురదరాయి వేడెక్కక ఏం చేస్తుంది? 700 డిగ్రీలు దాటాక అందులోని తెల్ల అభ్రకం విరిగిపోవడం మొదలైంది. అభ్రకం తన అణువుల్లోనే నీటిని దాచుకుని ఉంటుంది. ఆ నీరు విడుదలయితే చుట్టూ ఉన్న క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ తక్కువ వేడికే కరుగుతాయి.

రాయంతా కరిగిపోలేదు. కొంత భాగమే. మన అనంతపురం వాళ్ళకు దీన్ని చెప్పడానికి శెనక్కాయ గానుగను మించిన పోలిక లేదు. గింజల్లో నూనె ముందు నుంచీ ఉంది. ఒత్తిడి, వేడి తగిలాక చుక్కచుక్కగా ఊరి, సందుల్లోంచి కారి, ఒకచోట చేరుతుంది. చెక్క కిందే మిగిలిపోతుంది. అట్లాగే కరిగిన తెల్లటి ద్రవం సందుల్లోకి ఊరి, పగుళ్ళు పట్టుకుని పైకి పాకింది. మిగిలిన చెక్క లాంటి రాయి, చారలు చారలుగా ఉండే నైస్, గంగోత్రికి పోయే దారిలో రోడ్డు పక్కనే కనబడుతుంది. పైకి పాకిన ద్రవం నేల మీదికి రాలేదు. పైన ఉన్న పాత సముద్రపు పొరల కిందికి వచ్చేసరికి నిలువుగా పోలేక అడ్డంగా పరుచుకుంది. అక్కడే గడ్డకట్టింది. ఒక రాయిలోకి ఇంకో రాయి ఇట్లా చొరబడి గట్టిపడటాన్నే మా భాషలో ఇంట్రూజన్ అంటాం.

పుట్టినప్పుడు అది నేల కింద కిలోమీటర్ల లోతున ఉంది. ఈ రోజు సముద్ర మట్టానికి ఆరు వేల మీటర్ల పైన ఉంది. మధ్యలో హిమాలయం లేచింది, పైనున్న రాతిని నదులు, మంచునదులు కోసుకుపోయాయి, ఉత్తరాన ఒక పెద్ద భ్రంశం (రాతి పొరలు తెగి, పక్కకు జరిగిన చీలిక) వెంట పైపొరలు జారిపోయాయి కూడా.

శివలింగ శిఖరం మొత్తం గ్రానైటేనా?

భాగీరథి మంచునది నుంచి బయటపడే గోముఖం దాటి తపోవనం వైపు ఎక్కితే ఎదురుగా కనబడే శివలింగ శిఖరం (6,543 మీటర్లు) ఈ తెల్ల గ్రానైటే. కానీ నన్ను పట్టి ఆపింది శివలింగం కాదు, దాని ఎదుటి భాగీరథి శిఖరాలు. మూడో శిఖరం (6,454 మీటర్లు) కింద నుంచి చాలా ఎత్తు వరకు లేత రంగు గోడ. పైన ఒక్కసారిగా నల్లటి టోపీ. ఎవరో గీత గీసి రంగు మార్చినట్టు ఉంటుంది. ఆ నల్లది షేల్, పాత సముద్రపు బురద. కింద తెల్లది ఆ బురదలోకి చొరబడిన గ్రానైట్. అంటే ఆ గీత గ్రానైట్ ఇంటి పైకప్పు. ఎక్కేవాళ్ళకు కూడా ఆ గీత బాగా తెలుసు. గ్రానైట్ మీద పట్టు దొరుకుతుంది, పైన నల్లరాయి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వస్తుంది. తలయ్‌సాగర్ (6,904 మీటర్లు) కొస కూడా అదే తీరు.

నేను ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద ఈ బొమ్మ గీస్తున్నాను. కింద గ్రానైట్, పైన పాత పొర, మధ్యలో గీత. కొండ సైజులో అదే బొమ్మ ఎదురుగా నిలబడితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇన్ని కోట్ల ఏళ్ళని లెక్క ఎట్లా కట్టారు?

గ్రానైట్‌లో జిర్కాన్, మోనజైట్ అనే సన్నటి గింజలుంటాయి. అవి గడ్డకట్టేటప్పుడు కొంచెం యురేనియంను లోపల బంధించుకుంటాయి. యురేనియం తనంతట తాను నెమ్మదిగా సీసంగా మారుతుంది. యురేనియం 238లో సగం మారడానికి 446.8 కోట్ల ఏళ్ళు పడుతుంది. గింజలో ఇప్పుడు ఎంత యురేనియం, ఎంత సీసం ఉందో కొలిస్తే పుట్టినరోజు తెలుస్తుంది. గంగోత్రి వయసు మోనజైట్ గింజలే చెప్పాయి.

మరి మన గ్రానైట్ పుట్టినప్పుడు ఇక్కడా హిమాలయాల్లాంటి కొండలు ఉండేవా?

ఎంత ఎత్తున్నాయో ఎవరూ కొలవలేరు. కానీ గ్రానైట్ నేల మీద పుట్టదు. గుత్తి కొండ, పెనుకొండ, రాయదుర్గం కొండ, లేపాక్షి నందిని చెక్కిన బండ, ఇవన్నీ ఒకప్పుడు కిలోమీటర్ల మందం రాతి కింద చల్లారినవే. కర్ణాటకలో రామనగరం నుంచి ఉత్తరాన హంపి వైపు సుమారు 400 కిలోమీటర్లు సాగే క్లోజ్‌పేట గ్రానైట్ కూడా ఆ కాలానిదే, దాదాపు 252 కోట్ల ఏళ్ళది. ఆ పైరాయి అంతా ఇప్పుడు లేదు. గుత్తి కోట మెట్లెక్కుతూ మనం తొక్కేది కొండ పైభాగాన్ని కాదు, అరిగిపోయిన ఒక పాత నేల కడుపును. గంగోత్రిలో పైకప్పు ఇంకా కొంచెం మిగిలి ఉంది. మన దగ్గర కప్పు పోయి ఎన్ని యుగాలో అయింది.

ఆ పైరాయి అంతా ఎక్కడికి పోయింది?

దీనికి జవాబు కడప వాళ్ళ ఇంటి ముందరే ఉంది. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్. అందరూ అక్కడ పాలకోవా కోసం ఆగుతారు. ఈసారి కోవా పొట్లం చేతిలో పట్టుకుని కొండ కోత కూడా చూడండి. పైన పొరలు పొరలుగా గట్టి క్వార్ట్‌జైట్, అంటే గట్టిపడిన ఇసుక. రాయచోటి వైపు దిగితే గ్రానైట్, నైస్ నేల. పొరల అడుగున నున్నగా అరిగిన పలుగురాళ్ళు ఇరుక్కున్న గులకరాతి పట్టీ ఉంటుంది. ఏటిలో దొర్లితేనే రాయి అట్లా అరుగుతుంది. పాత గ్రానైట్ నేల కరిగి, అందులోని పలుగు ఇసుకగా, గులకరాళ్ళుగా కొట్టుకొచ్చి, కొత్తగా కుంగుతున్న కడప బేసిన్‌లో పరుచుకుంది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద నివేదిక రాశాడు. జియాలజీ పుస్తకాల్లో "గుల్చెరు క్వార్ట్‌జైట్" అని ఉండేది ఈ గువ్వలచెరువు పేరే. మా పిల్లలు పరీక్షకు గుల్చెరు అని బట్టీ పడతారు, అది ఎక్కడో తెలియదు. ఆ బస్సు రూట్‌లోనే వారంవారం ఇంటికి పోతుంటారు.

కింద గ్రానైట్ 250 కోట్ల ఏళ్ళది. పైన పొరలు పడటం మొదలైంది 190 కోట్ల ఏళ్ళ ప్రాంతంలో. ఆ రెండిటినీ కలిపి ఒక అరచెయ్యి కప్పేస్తుంది. ఆ అరచేతి కింద దాదాపు 60 కోట్ల ఏళ్ళు రాతలేని కాలం ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి చూపించేది కూడా ఇలాంటి విరామాన్నే.

గంగోత్రిలో ఇదే పని ఇప్పుడు మన కళ్ళ ముందు జరుగుతోంది. శివలింగం నుంచి రాలిన గింజ భాగీరథిలో పడి, గంగలో కలిసి, బంగాళాఖాతం దాకా పోతోంది.

గండికోట లోయ గ్రానైటా?

కాదు. పెన్నా కోసిన ఆ ఎర్రటి గోడలు క్వార్ట్‌జైట్, ఇందాక చెప్పిన గట్టిపడిన ఇసుకే. అడ్డంగా పొరలు కనబడితే గ్రానైట్ కాదని తెలుసుకోవచ్చు. బెలుం గుహలు, ఇళ్ళల్లో పరిచే కడప బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాయి.

వంటింటి గట్టు మీద వేసే బ్లాక్ గ్రానైట్?

వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టిరాయికంతా గ్రానైట్ అనే పేరు. నల్లది చాలావరకు డోలరైట్ గానీ గాబ్రో గానీ అయ్యుంటుంది; అవీ కరిగి గడ్డకట్టిన రాళ్ళే, గ్రానైట్ జాతి మాత్రం కాదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గాబ్రో. గట్టుకు అది మంచి రాయే, పేరు మాత్రమే వేరు.

మా పొలంలో నల్లగుండ్లు వరుసగా, తాడు పరిచినట్టు మైళ్ళ దూరం ఉంటాయి. ఎవరైనా పేర్చారా?

ఎవరూ పేర్చలేదు. అది డైక్. గ్రానైట్ గట్టిపడ్డాక ఎప్పుడో నేల నిలువునా చీలింది. ఆ చీలికలోకి అడుగు నుంచి నల్లటి ద్రవం వచ్చి డోలరైట్‌గా గడ్డకట్టింది. దక్షిణాన ఇలాంటి డైక్‌లలో 237 కోట్ల ఏళ్ళ నాటివి కూడా ఉన్నాయి. భూగర్భ జలానికి ఇవి గోడలా అడ్డం పడతాయి. ఒక పక్క బావిలో నీళ్ళుండి, ఇరవై బారల అవతల బావి ఎండిపోవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

వజ్రాలు గ్రానైట్‌లో దొరుకుతాయా?

దొరకవు. వజ్రకరూరు దగ్గర గ్రానైట్ నేలను చీల్చుకుని కింబర్‌లైట్ అనే రాయి గొట్టాల్లా పైకి వచ్చింది, సుమారు 110 కోట్ల ఏళ్ళ కింద. వజ్రం 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి వస్తుంది. ఆ గొట్టాలు కరిగి వజ్రాలు మట్టిలో కలిశాయి. అందుకే తొలకరి వాన మట్టిని కడగగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం తలలు వంచుకుని నడుస్తుంటారు.

అక్కడ సూదుల్లాంటి శిఖరాలు, ఇక్కడ బోర్లించిన కుండల్లాంటి గుండ్లు. రాయి ఒకటే అయితే రూపం ఎందుకు మారింది?

అక్కడ చెక్కేది మంచు, ఇక్కడ చెక్కేది ఎండావానా. గ్రానైట్ చల్లారేటప్పుడే దానిలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడతాయి. గంగోత్రి పైన పగటిపూట మంచు కరిగి నీరు ఆ పగుళ్ళలోకి దిగుతుంది. రాత్రి గడ్డకట్టి సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మన వడ్డెరలు బండలో వరుసగా గుంటలు కొట్టి, ఇనుప గూటాలు దిగగొట్టి చీలుస్తారు కదా, మంచు అక్కడ అదే పని చేస్తుంది. చీలిన దాన్ని మంచునది ఈడ్చుకుపోతుంది. పక్కలన్నీ ఇట్లా ఊడిపోగా నిలిచింది సూదిలా మిగులుతుంది.

మన దగ్గర ఆ పగుళ్ళలోకి వాననీరు దిగి నిదానంగా రాతిని కుళ్ళబెడుతుంది. ఫెల్డ్‌స్పార్ సుద్దమన్ను అవుతుంది, పలుగు గింజ మిగులుతుంది. మూలలు రెండు మూడు వైపుల నుంచి తడుస్తాయి కాబట్టి ముందు అవే పోతాయి. చదరపు బండ లోపల గుండ్రటి గుండు తయారవుతుంది, చుట్టూ ఉన్న మొరం వానకు కొట్టుకుపోయాక బయట పడుతుంది. అందుకే మన ఎర్రమన్ను పిడికిట్లో పిండితే గరగరమంటుంది. అది కుళ్ళిన గ్రానైట్. పెద్ద కొండల మీద పరుపుబండలు పెంకులుగా లేవడం వేరే సంగతి: పైబరువు పోయాక రాయి కొంచెం ఉబ్బి, పైతోలు వదిలేస్తుంది.

గ్రానైట్ నేలలో బోరు ఎందుకు ఫెయిలవుతుంది?

గ్రానైట్ గింజల మధ్య నీరు నిలిచే సందు ఉండదు. నీరుండేది రెండే చోట్ల: పైన కుళ్ళిన మొరం పొరలో, దాని కింద పగుళ్ళలో. లోతు పెరిగేకొద్దీ పైబరువుకు పగుళ్ళు మూసుకుపోతాయి. "ఇంకో వంద అడుగులు దించుదాం" అన్న ఆశ చాలాసార్లు రాతిలోనే కలిసిపోతుంది.

ఇది నాకు పుస్తకంలోనే తెలిసిన విషయం కాదు. మా నాన్న నాలుగు బోర్లు వేయించాడు. కొబ్బరికాయ నిలబడిన చోటనే వేయించాడు. నాలుగోది 700 అడుగులు పోయింది. తెల్లారుజామున రిగ్గు పక్కన నిలబడి ఉన్నాం. గొట్టం నోట్లోంచి తెల్లటి పొడి తప్ప ఏమీ రావడం లేదు. నాన్న ఆ పొడి గుప్పెడు తీసుకుని, తడి ఉందేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఆ ఏడు శెనక్కాయ డబ్బంతా ఆ పొడిలోనే పోయింది. నేను జియాలజీలో చేరింది ఆ మరుసటి ఏడే.

కాబట్టి రైతులకు చేతులు జోడించి చెబుతున్నాను. బోరుకు ముందు రెసిస్టివిటీ సర్వే, అంటే నేలలోకి కరెంటు పంపి లోపలి రాతిని అంచనా వేసే పరీక్ష, చేయించండి. అది కూడా నూటికి నూరు పాళ్ళు నిజం కాదు, కానీ మొరం ఎంత మందం ఉందో, కింద పగులున్న బండా, నిండు బండా అన్నది చాలావరకు చెబుతుంది. డైక్ ఎటు పోతుందో చూడండి. పైచెరువు నిండితేనే ఈ పగుళ్ళకు నీరు. ఇంకో సంగతి: గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. తాగే నీరయితే పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ళకు, ఎముకలకు హాని.

గంగోత్రి దారిలో గంగ్నానిలో వేడినీళ్ళు వస్తాయి కదా, అక్కడ అగ్నిపర్వతం లేదా?

లేదు. వాననీరు, మంచునీరు పగుళ్ళ వెంట చాలా లోతుకు పోయి, అక్కడి వేడికి కాగి, భ్రంశాల దారిలో తిరిగి పైకి వస్తోంది. కొండ వేగంగా లేస్తున్న చోట లోపలి వేడి పైకి దగ్గరగా ఉంటుంది.

హిమాలయాలు ఇంకా పెరుగుతున్నాయా?

అవును, ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన. మన అనంతపురం, కర్నూలు, కడప కూడా కూర్చుని లేవు. మన ఫలకం ఈశాన్యంగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కంటే కొంచెం తక్కువ, నడుస్తోంది. అందులో 2 సెంటీమీటర్ల దాకా హిమాలయంలోనే అణిగిపోతుంది. అక్కడి భూకంపాలకు మూలం అదే.

గంగోత్రి నుంచి రాయి తెచ్చుకోవచ్చా?

వద్దు. గోముఖం వైపు అంతా గంగోత్రి నేషనల్ పార్క్. ఏమీ తీసుకురాకూడదు. ఫోటో తీసుకోండి, పక్కన కొలతకు ఒక రూపాయి బిళ్ళ పెట్టండి.

గంగనీళ్ళ అడుగున మెరిసేది ఏంది?

ఇది గుత్తి అవ్వ ఫోన్ చేసి అడిగిన ప్రశ్న. గంగోత్రిలో తను సీసాలో పట్టుకున్న నీళ్ళు ఇంటికి వచ్చేసరికి తేరుకున్నాయంట. అడుగున బూడిదరంగు మడ్డి, అందులో తళుకులు. సీసా కదిలిస్తే పైకి లేచి, ఎండలో మెరుస్తూ నిదానంగా దిగుతున్నాయంట. "ఎవరన్నా ఏమన్నా కలిపినారా నాయనా, నీళ్ళు పారబోయాల్నా?" అని టెన్షన్ పడుతోంది.

పారబోయొద్దు అవ్వా. బూడిదరంగుది మంచునది నూరిన రాతిపిండి. తళుకులు కాకిబంగారం, నువ్వు కూర్చున్న గుండులో చూపించానే, అదే. రాయి తేవద్దన్నాను కానీ గంగే నీకు కొంచెం పోసి పంపించింది.